తలుపు పెట్టిన గుడ్డు

ఆ కాలంలో మా వైపు పల్లెల్లో పిల్లల చెవులకు రెండే పనులుండేవి: పోగులు కుట్టించుకోవడం, పంతులు చేత మెలిపెట్టించుకోవడం. వాటికి వినడం కూడా నేర్పాలని కంకణం కట్టుకున్న మహానుభావుణ్ణి నేను. హైదరాబాదులో ట్రైనింగు పూర్తిచేసుకుని తెలకపల్లి దగ్గర ఒక పల్లె బడికి వచ్చాను. నౌకరీ ఇంకా ఖాయం కాలేదు. ఖాయమైతేనే పిల్లనిస్తానని మామ (అప్పటికింకా కాబోయే మామే) ఖరాఖండిగా చెప్పాడు. నేను రోజూ పిల్లల్ని కళ్ళు మూసుకోమని, చుట్టూ వినబడే చప్పుళ్ళేమిటో చెప్పించేవాణ్ణి. రోకలి, కవ్వం, విసుర్రాయి ఇట్టే పట్టేశారు. కొన్నాళ్ళకు అది ఎవరింటి రోకలో కూడా చెప్పసాగారు. ముక్కు కుట్టించుకుని వేపపుల్ల పెట్టుకున్నందుకు అందరం పుల్లక్క అని పిలిచే చిన్నపిల్లయితే, ఎద్దు మెడలో గంట విని ఆ ఎద్దు ఎవరిదో చెప్పేది.

అంతలో ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురందింది. అధికారి దౌరాకొస్తే ఊళ్ళో కోళ్ళకు మూడినట్టే. పటేలు మనుషులు ఆయన విందు పేరు చెప్పి ఇల్లిల్లూ తిరిగి ఊరికే పట్టుకుపోయేవారు. ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళంతా గంపలతో బడికొచ్చారు. "సారూ, మా కోళ్లను జర బడి ఎనక అర్రల పెట్టుకుంటం. బడిల కోళ్లుంటయని ఎవడనుకుంటడు?" అంది పుల్లక్క వాళ్ళవ్వ. రోజూ వాళ్ళు పంపే జొన్నరొట్టె తింటున్న నోటితో కాదనలేకపోయాను.

మర్నాడు నా పాఠం అద్భుతంగా సాగింది. నేనేది మోగించినా పిల్లలు కళ్ళు మూసుకునే టక్కున చెప్పేశారు. ఇన్‌స్పెక్టరు మురిసిపోయి, "శభాష్ మాస్టర్! నీ నౌకరి పక్కా చెయ్యమని రాస్త" అంటూ కలం తీశాడు. సరిగ్గా అప్పుడే వెనక గదిలో ఒక పెట్ట గుడ్డు పెట్టి, ఆ శుభవార్త ఊరంతా వినేలా చాటింది.

"వాహ్! ఇదేం ఆవాజ్, చెప్పండి" అన్నాడాయన.

పుల్లక్క ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది.

"పిల్లి సార్."

"కాదు సార్, బండి ఇరుసు," అన్నాడు పక్కవాడు. మూడోవాడు మేక అన్నాడు. (ఆ పెట్ట ఎవరిదో, దాని రంగేమిటో కూడా వాళ్ళకు తెలుసని ప్రమాణం చేసి చెప్పగలను.)

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

నా పెళ్ళి ఒకవైపు, ఊరి కోళ్ళు ఒకవైపు. "తలుపు సార్. కీలుకు నూనె లేదు," అన్నాను. వెంటనే రెండో కోడి అందుకుంది. "రెండు తలుపులున్నయి సార్," అని నేనే సర్దాను.

ఆయన నవ్వాడో దగ్గాడో తెలియదు. గది వైపు మాత్రం వెళ్ళలేదు. 'పంతులుకు చెవుడు. నౌకరీ ఇప్పుడే ఖాయం చేయరాదు' అని రాసి లేచాడు. తీరా చూస్తే ఆయనకు కడుపు బాగోలేదట. పటేలింట్లో ఇంత గంజి తాగి వెళ్ళిపోయాడు.

నేను బడి మెట్ల మీద దిగాలుగా కూర్చుంటే పుల్లక్క వచ్చి నా చేతిలో వెచ్చటి గుడ్డొకటి పెట్టింది.

"మా అవ్వ ఇయ్యమన్నది సార్. తలుపు పెట్టింది."

ఏడాదికి గానీ నౌకరీ ఖాయం కాలేదు, పెళ్ళీ కాలేదు. ఇప్పుడు చెవులు నిజంగానే మందగించాయి. మా ఆవిడ పిలిచి పిలిచి విసిగిపోయి, "సర్కారోళ్లు పెండ్లికి ముందే రాసిచ్చిండ్రు. మా నాయన వాళ్ల మాట ఇంటె గద!" అంటుంది. అదొక్కటి మాత్రం నాకు స్పష్టంగా వినబడుతుంది. అప్పుడు, ఆ గుడ్డు తినాలో దాచుకోవాలో తెలియక మెట్ల మీద కూర్చున్న కుర్ర పంతులు కళ్ళముందు కదులుతాడు. వాడంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.