బొమ్మలావిడ గుమ్మం ముందు ముగ్గు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పటికీ ఉన్నాయని చెప్పను. జరిగింది మాత్రం రాస్తాను.

కరోనా మొదలైనప్పుడు నేను జర్మనీలో మా అమ్మాయి ఇంట్లో చిక్కుకుపోయాను. హైడెల్‌బర్గ్ దగ్గర చిన్న పాత ఊరు. గోడల్లో చెక్క దూలాలు బయటికి కనిపించే ఇళ్ళు, రాళ్ళు పరిచిన సందులు. ఏ సందులో చూసినా బొమ్మలు వేసేవాళ్ళో, కుండలు చేసేవాళ్ళో ఉంటారు. గ్యాలరీలు మూతపడేసరికి వాళ్ళంతా తమ బొమ్మలను ఇంటి కిటికీల్లో పెట్టారు. జనం మాస్కులతో నడుస్తూ చూసి పోయేవాళ్ళు.

మా ఎదురింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది, ఆమె కూడా బొమ్మలు వేసేది. పేరు నాకు నోరు తిరగక బొమ్మలావిడ అనేదాన్ని. రోజూ పొద్దున నేను మా గుమ్మం ముందు ముగ్గు వేస్తుంటే పైకిటికీలోంచి చూసేది. తన గుమ్మం ముందు కూడా వేయమని మా అమ్మాయితో అడిగించింది. సరేనన్నాను. కానీ రోగం భయం. రేపు, ఎల్లుండి అంటూ జరిపాను.

ఇంతలో ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇల్లు ఖాళీ అయ్యాక నాకు ధైర్యం వచ్చింది. తిరిగొచ్చేసరికి ముగ్గు ఉంటే సంతోషిస్తుందని ఒక ఆదివారం పొద్దున బియ్యప్పిండి పట్టుకుని వెళ్ళాను.

గడప ముందు రాతిపలక మీద చుక్కలు పెట్టి మెలికలు తిప్పాను. లేచి చూస్తే పైకిటికీలో ఆమె. వచ్చేసిందనుకున్నాను. వేలితో కింద ఒక మూల చూపించింది. వంగి చూస్తే అక్కడ ఒక చుక్క కలపకుండా వదిలేశాను. అక్షరాలు నాకు పెద్దయ్యాక వచ్చాయి, రాతలో తప్పులు దొర్లుతాయి. ముగ్గులో ఎప్పుడూ దొర్లలేదు. చుక్క కలిపి తలెత్తేసరికి ఆమె లేదు.

ఇంటికొచ్చి, బొమ్మలావిడ వచ్చేసిందే అన్నాను. అమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"రాలేదమ్మా. రాత్రి పోయిందట. వాళ్ళ తమ్ముడి కూతురు ఇప్పుడే మెసేజ్ పెట్టింది."

ఇద్దరం బయటికొచ్చి చూశాం. పైకిటికీకి చెక్క తలుపులు వేసి ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్ళిన రోజు నుంచి అలాగే ఉన్నాయంది అమ్మాయి.

చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. పరుగున బకెట్ తెచ్చాను.

"ఆవిడకి మన పట్టింపులేం తెలుసమ్మా? అడిగి వేయించుకుంది కదా, ఉండనీ" అని అమ్మాయి అంటూనే ఉంది. నా చేతులు ఆగలేదు. మొత్తం కడిగేశాను.

కళ్ళు భ్రమపడ్డాయని అమ్మాయి అంటుంది. నేను చూడని చుక్కను ఆ భ్రమ ఎలా చూపించిందో ఇద్దరికీ తెలియదు. దగ్గరుండి పూర్తి చేయించుకున్న ముగ్గును ఆమె కళ్ళముందే కడిగానేమో, అదీ తెలియదు.

నీళ్ళు కొడుతున్నంతసేపూ నేను తలెత్తి పైకి చూడలేదు.