బాలమణక్క నన్ను ‘నాగ్‌పాడా’ అని ఎందుకు పిలిచేదంటే

నిన్న పొద్దున టీ పెట్టుకుంటుంటే హాస్పిటల్ నుంచి ఫోన్. బాలమణక్క పోయింది.

స్టవ్ ఆపడం మర్చిపోయాను. గిన్నె మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర నా పేరు రాసిందట. నా పేరే. అది వినగానే ఏడుపు కంటే ముందు భయం వేసింది.

అప్పటి నుంచి మన గ్రూప్‌లో అందరూ రాస్తున్నారు. మంచి నర్స్, మంచి మనిషి, చికాగోకి కొత్తగా వచ్చిన తెలుగు అమ్మాయిలకు పెద్ద దిక్కు. అంతా నిజమే. మీలో కొందరు ఏళ్ల తరబడి ఆమెను ఒక్క పేరంటానికీ పిలవలేదు. అదీ నిజమే.

“మిమ్మల్ని నాగ్‌పాడా అని పిలిచేవారు కదా, సో స్వీట్” అని ఒకావిడ నాకు మెసేజ్ పెట్టారు.

ఆ పేరు సంగతి చెప్తాను.

మాది బొంబాయిలో కామాటిపుర.

ఆ పేరు చదవగానే మీకు వేశ్యావాటికే గుర్తొచ్చి, మీ మొహంలో ఏం కదిలిందో నాకు తెలుసు. ఆ మొహం చూడలేకే, మా గల్లీల్లో పుట్టినవాళ్లం ఎవరైనా అడిగితే పక్క పేట పేరు చెప్పేవాళ్లం. స్కూల్లో, ఆఫీసులో, పెళ్లిచూపుల్లో. నాగ్‌పాడా అనో, గ్రాంట్ రోడ్ అనో. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి, రాళ్లు మోసి ఆ ఊరు కట్టారు. కామాటీలంటే కూలీలు, పేటకు ఆ పేరొచ్చిందే మా వాళ్ల వల్ల. మేము మాత్రం ఆ పేరు నోట పలికేవాళ్లం కాదు.

బాలమణక్క ఒక్కతే పలికేది.

ఎనభైల మొదట్లో ఆమె పాస్‌పోర్ట్‌కు అప్లై చేసిన రోజు నేనూ వెంట వెళ్లాను. ఫారంలో అడ్రస్ చదివి, గుమాస్తా ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

“క్యా దేఖ్‌తా హై, లిఖో,” అంది.

అతను రాసుకున్నాడు. ఆమె నర్సు ఉద్యోగం మీద చికాగో వెళ్లిపోయింది.

నేనూ నర్సునే, రెండేళ్లకు నా వంతు. అప్లికేషన్లు పంపింది ఆమే, హాస్పిటల్‌లో నా గురించి మాట్లాడింది ఆమే. నేను చేసిన పని ఒక్కటే. పాస్‌పోర్ట్ ఫారంలో నాగ్‌పాడాలో ఉన్న మా మామ టైలర్ షాపు అడ్రస్ రాశాను. వెరిఫికేషన్‌కు పోలీసు అక్కడికి వెళ్లాడు. ఈ పేరుగల అమ్మాయి ఇక్కడ ఉండదని షాపులో పనివాడు ఉన్నమాట చెప్పేశాడు. ఫైలు వెనక్కి పోయింది. నా పాస్‌పోర్ట్ వచ్చేదాకా బాలమణక్క కాళ్లావేళ్లా పడి ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోకుండా చూసింది.

అప్పుడు ఉత్తరం రాసింది. “మన గల్లీ పేరు రాయనీకి నీకు సిగ్గెందుకే? ఇక్కడికొచ్చినంక నన్ను గూడ ఎరగనంటవా ఏంది?”

చదివి నవ్వుకున్నాను.

నేను చికాగోలో దిగిన రోజు మంచు కురుస్తోంది. తన కోట్ విప్పి నాకు తొడిగింది. తను స్వెటర్‌తోనే పార్కింగ్ దాకా నడిచింది. నాలుగు నెలలు ఆమె గదిలోనే తిన్నాను, పడుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆమెకు సంబంధం వచ్చింది. హైదరాబాద్ అబ్బాయి, ఇంజనీరు. అతనికి ఈమె అంటే ఇష్టం, ఈమెకు అంతకంటే ఇష్టం. ఆమె లిప్‌స్టిక్ కొనుక్కోవడం అప్పుడే చూశాను.

ఉగాదికి తెలుగువాళ్లం ఒక స్కూల్ హాల్లో కలిశాం. ఆ అబ్బాయి అక్క పులిహోర ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చుంది. ఎదురు కుర్చీలో బాలమణక్క.

“బొంబాయిలో ఎక్కడమ్మా మీది?” అని ఆవిడ అడిగింది.

“కామాటిపుర,” అంది బాలమణక్క.

ఆవిడ మొహం మారింది, నాకు తెలిసిన ఆ మొహమే. ఆవిడ నా వైపు తిరిగింది. “మీరూ అక్కడేనా? వీళ్ల కుటుంబం ఎలాంటిది?”

వాళ్ల గదికీ మా గదికీ మధ్య ఒకే గోడ. వాళ్ల నాన్న మేస్త్రీ. నేను పుట్టినప్పుడు మా అమ్మకు పురుడు పోసింది వాళ్లమ్మ. రెండిళ్లకూ కలిపి ఒకటే బతుకమ్మ పేర్చేవాళ్లం. ఇందులో ఏ ఒక్కటి చెప్పినా సరిపోయేది.

“మాది నాగ్‌పాడా అండీ. ఈమె నాకు నర్సింగ్ స్కూల్లో పరిచయం. వాళ్లింటి సంగతులు నాకు తెలీవు,” అన్నాను.

అడ్రస్ దాచడం మా వాళ్లందరూ చేసేదే. ఆ చివరి మాట మాత్రం నా సొంతం.

బాలమణక్క తల ఎత్తలేదు. ప్లేటులో పులిహోర మొత్తం తింది. వారం తిరక్కుండా సంబంధం తప్పిపోయింది. ఆమె మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు.

ఆ రోజు కారెక్కాక ఒక్కటే అంది.

“బెల్ట్ పెట్టుకో, నాగ్‌పాడా.”

అప్పటి నుంచి అదే నా పేరు. నా పెళ్లిలో, నా పిల్లల పుట్టినరోజుల్లో, మీ అందరి ముందూ. మీరు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. ఎందుకు పిలుస్తోందో ఆమె ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. నాలుగు తిట్లు తిట్టి వదిలేసి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

పోయిన వారం హాస్పిటల్‌లో ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. మెల్లగా చెయ్యి లాక్కుంది.

“నాతోని చెప్తే ఏమొస్తది? నాకు ఎర్కే గదా. ఎర్క లేనోళ్లకు చెప్పు.”

అందుకే ఈ పోస్ట్. నా పిల్లలకు కూడా దీంతోనే తెలుస్తుంది.

ఇవాళ ఫ్యూనరల్ హోమ్‌లో ఒక ఫారం ఇచ్చారు. పుట్టిన చోటు దగ్గర ‘కామాటిపుర, నాలుగో గల్లీ, బొంబాయి’ అని రాశాను. అక్కడ కూర్చున్న తెల్లావిడకు ఆ పేరేమిటో తెలీదు, మామూలుగా తీసుకుంది. ఇన్నేళ్లూ నేను భయపడింది మన తెలుగువాళ్లకే.

కింద ఇంకో గడి ఉంది. ఆమెకు మీరేమవుతారు?

‘పక్క గది’ అని రాశాను.

పోయిరా, బాలమణక్కా. అడ్రస్ చెప్పగానే లేచి కుర్చీ వేసే చోటు ఎక్కడైనా ఉంటే, అక్కడ ప్రశాంతంగా కూర్చో.