మూసుకోని మూత

పులివెందులలో మా పురుగుమందుల అంగడి వెనక గోడకు ఏసీ పైపు ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని కింద బకెట్ పెట్టాను. మధ్యాహ్నం బేరాలు తగ్గి, రోడ్డు మీద బస్సుల హారన్లు కాస్త సద్దుమణిగితే, ఆ బకెట్లో బొట్టు బొట్టుగా నీళ్లు పడే చప్పుడు గల్లాపెట్టె దాకా వినిపిస్తుంది. అది వింటే నాకు మౌలాలి సార్ గుర్తొస్తారు. జమ్మలమడుగులో ఇంటర్ చదివేటప్పుడు మాకు బాటనీ చెప్పిన సార్.

ఆయన బొమ్మ వేస్తే బోర్డు చెరపడానికి ఎవరికీ చేతులొచ్చేవి కావు. అన్నిటికంటే ఇష్టంగా వేసేది కూజా మొక్క. ఆకు కొసన తీగ, తీగ కొసన చిన్న కూజా, దాని మీద మూత. పురుగు జారి అందులో పడితే మొక్క దాన్ని అరిగించుకుంటుంది. అది చెప్పేటప్పుడు సార్ ఎడమ చేతిని దొప్పలా పట్టి, "పురుగు పడతానే మూత మూసుకుంటాది" అంటూ కుడిచేత్తో దాని మీద టప్‌మని కొట్టేవారు. వెనక బెంచీలో కునికిపాట్లు పడేవాళ్లం ఉలిక్కిపడి లేచేవాళ్లం. ఒకసారి ముందు బెంచీ అమ్మాయి, "మీరు ఆ చెట్టును చూసినారా సార్?" అని అడిగింది. సార్ సుద్దముక్క కింద పెట్టి, "లేదమ్మా. మేఘాలయలో ఉంటాదంట. నేను ఎర్రగుంట్లలో రైలెక్కిందే తక్కువ" అన్నారు. మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్నప్పుడు, ఆ మొక్క ఆన్‌లైన్‌లో దొరుకుతుందని తెలిసి తెప్పించుకున్నారు. దానికి గాలిలో తేమ కావాలి, వాన నీళ్లలా ఉప్పు లేని నీళ్లు కావాలి. మా వైపు బోరు నీళ్లకు బిందెలే తెల్లగా పొర కడతాయి. నేను చూడ్డానికి వెళ్లిన రోజు సార్ వీధి చివర ఏటీఎం పక్కన క్యాను పట్టుకుని నిలబడి, అక్కడి ఏసీ నుంచి కారే నీళ్లు పడుతున్నారు. "అందరూ ఈడికి దుడ్లకొస్తారు, మీరు నీళ్లకొస్తాండారు. ఏంది సారూ ఇది?" అని వాచ్‌మన్ ఎగతాళి చేశాడు. "దుడ్లు మా చెట్టు తాగదప్పా" అన్నారు సార్.

ఇంట్లో కూలర్ గాలి మొత్తం మొక్కకే. మనుషులకు ఫ్యాన్. ఆకులు వస్తున్నాయి, తీగలు సాగుతున్నాయి, వాటి కొసలు మాత్రం ఎండి నల్లబడుతున్నాయి. ఒక్క కూజా రాలేదు. నేను అంగడి మనిషిని కదా, ఊరుకోలేక మంచి ఎరువు పంపిస్తానన్నాను. "వద్దు ఓబులేసూ. బలం పెడితే సచ్చిపోతాది. నేలలో సారం దొరక్కనే కదా అది పురుగుల్ని పట్టుకునేది" అన్నారు. సార్ భార్య టీ ఇస్తూ, "కండ్లతో ఒక్కసారి చూడాలని ఈయన తపన, అంతే నాయనా" అన్నారు.

ఆ వానాకాలం కూజా వచ్చింది. వస్తే ఫోన్ చేస్తారనుకున్నాను. సారే వచ్చారు. అంగడి నిండా చీనీ, అదే బత్తాయి తోటల రైతులున్న వేళ బస్సు దిగి నేరుగా గల్లాపెట్టె దగ్గరికొచ్చారు. మొహంలో సంతోషం లేదు.

"ఓబులేసూ, మూత మూసుకోదప్పా."

నాకు అర్థం కాలేదు.

"చీమ పడింది, ఈగ పడింది. ముందర కుర్చీ యేసుకుని చూసినా. మూత కదల్లేదు. అది లోపలికి వాన పడకుండా ఉండేది, అంతే. ఇన్నేండ్లు మీకందరికీ తప్పు చెప్పినా."

ఎడమ చేతిని దొప్పలా పట్టారు. కుడి చేయి దాని పైన గాలిలో నిలిపారు. కొట్టలేదు.

రైతులు వింతగా చూస్తుంటే నాకు సిగ్గేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. "పోనీలే సార్, దాంతో ఎవరికేం నష్టం? కాలేజీ పరీక్షలో మార్కులు కూడా పడ్డాయి కదా" అన్నాను. "ఆ మార్కులేసింది గూడా నేనే కదప్పా" అన్నారు. టీ కూడా తాగకుండా, ఈ ఊళ్లోనే ఉన్న ఇంకో శిష్యుడి ఇల్లు యాడని అడిగి వెళ్లిపోయారు. ఈ వయసులో ఈయనకు ఇదేం పని అనుకున్నాను.

ఆయన పోయినప్పుడు ప్రొద్దుటూరు వెళ్లాను. వరండాలో నిలబడ్డవాళ్లలో నేనెరిగినవాళ్లు ఎవరూ లేరు. ఎవరి ఫోన్లో వాళ్లున్నారు. కిటికీ దగ్గర మొక్కకు కూజాలు వేలాడుతున్నాయి. ఒక చిన్నపిల్ల ఒకదాంట్లో వేలు పెట్టబోతే వాళ్లమ్మ, "ఏయ్, మూత మూసుకుంటాది, వేలు పోతాది" అని బెదిరించింది.

"మూసుకోదు" అన్నాను.

నాతోపాటే ఇంకా మూడు నాలుగు గొంతులు అదే మాట అన్నాయి. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. గోడకు ఆనుకుని నిలబడ్డ నడివయసాయన, "మా యింటికి గూడా వచ్చినారు సార్, చిలమకూరుకు. ఆ ఎండలో" అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మొక్కను సార్ భార్య నాకిచ్చారు. పురుగుమందులు అమ్మేవాడికి పురుగులు తినే చెట్టెందుకప్పా అని రైతులు ఆటపట్టిస్తారు. నేను చెప్పిన మందు ఒక్కోసారి తప్పవుతుంది. అది రైతుకంటే ముందు నాకే తెలిసిన రోజులుంటాయి. ఫోన్లో చెప్పేసి ఊరుకోవచ్చు, అసలు చెప్పకపోయినా అడిగేవాడు లేడు. బయట ఎండ చూస్తే అడుగు పడదు. గాలిలో ఆగిన ఆ చేయి గుర్తొస్తుంది. అంగడి తలుపు దగ్గరగా వేసి, బండి తీసుకుని ఆ రైతు తోటకు బయల్దేరతాను.