పెద్దన్నకు ఒక పళ్లెం

మా గోవిందస్వామికి ఉన్నది ఒకటే జబ్బు. లేని మనిషిని లెక్కపెట్టడం.

ముగ్గురం హోటలుకు వెళితే నాలుగు టీలు చెబుతాడు. ముగ్గురం ఆటో ఎక్కితే నాలుగో మనిషికి చోటు వదిలి, తాను సగం బయటికి వేలాడతాడు. "ఎవరికప్పా ఆ టీ?" అని అడిగితే ఖాళీ కుర్చీ వైపు చూసి, "అన్నకు చక్కెర తక్కువేసినారా లేదా?" అని హోటలువాణ్ణి గదమాయిస్తాడు. పట్టపగలే అయినా మనకు వెన్నులో చలి పుడుతుంది.

ఇందులో సగం తప్పు మన పెద్దవాళ్లది. ముగ్గురు కలిసి ప్రయాణం కట్టకూడదని, తప్పనిసరైతే ఒక రాయిని నాలుగో మనిషిగా వెంట తీసుకెళ్లాలని చెప్పిందెవరు? వాళ్లే కదా! మనమందరం ఆ పని చేస్తాం. రాయిని జేబులో వేసుకుంటాం, ఊరు దాటాక మరచిపోతాం. గోవిందస్వామి మరచిపోడు. అంతే తేడా.

బోరుబండి మీద ఆయనది ముప్పై ఏళ్ల అనుభవం. పైకొచ్చిన మట్టిని అరచేతిలో నలిపి "ఇంకో నలభై అడుగులు" అన్నాడంటే అక్కడ నీళ్లు పడాల్సిందే. అందుకే ఆఫ్రికాలో కామెరూన్ అనే దేశంలో బోర్లు వేసే పని దొరకగానే మా మదనపల్లె ఓనరు మొదట రాసిన పేరు పుంగనూరు గోవిందస్వామిది. రెండోది నాది, సూపర్‌వైజరు నాగరాజు. మూడోది కుప్పం నుంచి డ్రిల్లరు మురళి. లెక్క చూసుకుంటే ముగ్గురం! ఓనరే ఫోన్ చేసి, "రాయి పెట్టుకోండప్పా, మర్సిపోయేరు" అన్నాడు. గోవిందస్వామి ఎండిపోయిన తన సొంత బోరు పక్కనుంచి కొబ్బరికాయంత నల్లరాయి తెచ్చాడు. దానికి పెద్దన్న అని పేరు కూడా పెట్టాడు.

బెంగళూరు విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆమె సంచి విప్పించింది.

"ఏమిటిది?"

"మా పెద్దన్నమ్మా."

"ఇది రాయి!"

"సూసేదానికి అట్లుంటాడు లేమ్మా. మెత్తని మనిషి."

ఆమె రాయిని సామాన్లలోకి పంపించేసింది. ఇంక విమానం దిగేదాకా గోవిందస్వామి కంటి మీద కునుకు లేదు. "ఆడ కింద చలికి ఎట్లుండాడో ఏమో" అని ఒకటే గోల.

మనవాళ్లు చుట్టం చూపుగా కూడా వెళ్లని దేశం అది. దిగిన చోట జడివాన, అడవి. రైలెక్కి తెల్లవారేసరికి పచ్చిక బయళ్లు. ఇంకా పైకి పోతే మా సోమల పక్క మెట్టలాగే నెర్రెలు విచ్చిన నేల. ఆ ఒక్క దేశంలోనే రెండు వందల పైచిలుకు భాషలట. ఒక ఊళ్లో కష్టపడి నేర్చుకున్న దండం పక్క ఊళ్లో చెల్లదు. గోవిందస్వామికి మాత్రం ఏ భాషా అడ్డం రాలేదు. ఎక్కడ ఆగినా నాలుగు వేళ్లు చూపేవాడు, నాలుగు పళ్లేలు వచ్చేవి. బారెడు కొమ్ముల ఎద్దుల మంద ఎదురైతే, "పెద్దన్నా, సూడు! మన పొట్టి పుంగనూరావు ఆ కొమ్ము నీడలో పండుకోవచ్చు" అని సంచి మూతి విప్పి చూపించాడు.

చివరికి చేరిన ఊళ్లో మాకు నవ్వులు తగ్గిపోయాయి. ఆ నెలల్లో ఎడారి నుంచి దుమ్ముగాలి వీస్తుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు తెల్లటి బిళ్లలా ఉంటాడు, రెప్పవాల్చకుండా చూడొచ్చు. పదడుగుల అవతల ఏముందో తెలియదు. మాటలు వినిపిస్తాయి, తిరిగి చూస్తే మనుషులుండరు.

మాకు వండిపెట్టడానికి ఒక ముసలామె కుదిరింది. ఊరంతా ఆమెను అడ్డా అనేవారు. వాళ్ల భాషలో అక్క అని అర్థమని మా డ్రైవరు బూబా చెప్పాడు. అతనికి ఇంగ్లీషు వచ్చు. జొన్నపిండితో ఆమె కెలికిన ముద్దను చూసి గోవిందస్వామి గంతేశాడు. "ఇది మన సంగటేనప్పా!" అడ్డా నాలుగు పళ్లేలనూ, ముగ్గురు మనుషులనూ మార్చి మార్చి చూసింది. బూబా ఏదో చెప్పాడు. ఆమె ఖాళీ చాప వైపు తిరిగి, తల వంచి, "సన్ను, హమ్మా" అంది. దండం అన్నా అని అర్థమట. మురళి ముద్ద నోటిదాకా పోయి ఆగిపోయింది.

మరునాటి నుంచి మొదలైంది. గోవిందస్వామి పెద్దన్న పళ్లేన్ని గది వెనక మట్టిగోడ మీద పెట్టి వచ్చేవాడు. అరగంట తర్వాత చూస్తే ఖాళీ.

"కుక్కలేమో" అన్నాను.

"కుక్కలు పళ్లెం కడిగి బోర్లిస్తాయాన్నా?" అన్నాడు మురళి.

మూడో రోజు, గదిలో సంచిలో ఉండాల్సిన రాయి గోడ మీద పళ్లెం పక్కన ఉంది. అప్పుడే స్నానం చేసినట్టు తడిగా ఉంది. ఆ రోజు గోవిందస్వామి తన పళ్లెంలోంచి సగం ముద్ద తీసి నాలుగో పళ్లెంలో వేశాడు.

"యాలప్పా?" అని అడిగాను.

"అన్నకు నిన్న సాల్లేదు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"సెప్పల్లా ఏంది? పళ్లెం సూస్తే తెలీదా!"

మురళి నా చెయ్యి పట్టుకున్నాడు. "నాగరాజన్నా, మాది రామకుప్పం పక్క. చేలో ఏనుగులుంటే డప్పు కొట్టి తరిమినోణ్ణి. ఈ రాయి దగ్గిర నాకు బయమేస్తాండాది." ఆ సాయంత్రమే ఓనరుకు ఫోన్ చేసేశాడు.

వెంటనే ఓనరు నాకు ఫోన్ చేశాడు. "గోవిందస్వామికి గాలి సోకిందంట గదా! వచ్చే సరుకుల బండిలో ఎక్కించి పంపించెయ్. రేపు మద్యానానికి ఏ సంగతో నాకు చెప్పు."

గోవిందస్వామి యాభై ఎనిమిదేళ్ల మనిషి. పిచ్చోడని ముద్ర వేసి వెనక్కి పంపితే మళ్లీ ఏ బోరుబండీ ఎక్కించుకోదు. బండి తప్ప ఆయనకు ఇంకో పని రాదు. అయినా దాచలేక సంగతి ఆయనకే చెప్పేశాను. ఆయన కాసేపు తల గోక్కున్నాడు.

"సరేలేప్పా. పొమ్మంటే పోతా. పెద్దన్నను మాత్రం ఈడ్నే ఉండనియ్. పూటపూటకూ పళ్లెం పెట్టేది మర్సిపోవాకు. నాకు మాటియ్."

తన కడుపు మీద కొడుతుంటే రాయికి కూడు అడిగే మనిషిని ఏమనుకోవాలి! మాటయితే ఇచ్చాను.

మరునాడు మధ్యాహ్నం నేనూ మురళీ ఆ గోడకు దగ్గరగా నిలిపిన బోరుబండి చక్రం వెనక నక్కి కూర్చున్నాం. గాలి ఆగిపోయింది. దుమ్ము మాత్రం అలాగే నిలబడి ఉంది. ముందు బట్ట రాసుకునే చప్పుడు. తర్వాత దుమ్ములోంచి తెల్లటి ఆకారం, కాళ్లు కనిపించడం లేదు. గోడ వైపు తేలుతూ వస్తోంది. మురళి కదిరి నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకున్నాడు.

ఆకారం పళ్లెం దగ్గర ఆగింది. తలమీది గుడ్డ తీసింది. అడ్డా!

అటూ ఇటూ చూసి, నాలుగు ముద్దలు గబగబా తింది. మిగిలింది గుడ్డలో మూటకట్టింది. పళ్లెం కడిగింది. గదిలోకి వెళ్లి రాయిని తెచ్చి, పసిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోసి, ఏదో చెప్పి, దుమ్ములో కలిసిపోయింది.

"సూసేసినారా!" మా వెనక నుంచి గోవిందస్వామి గొంతు. ఇద్దరం ఎగిరి పడ్డాం.

"పోయిన నెల ఏనుగులు పడి ఆమె చేను పూరాగా తినేసినాయంట. మొగుడు మంచాన ఉండాడు. మన పిండితోనే వండతాంది గానీ మెతుకు ముట్టదు. ఊరికొచ్చినోళ్ల గింజ తింటే ఆమెకు పరువు తక్కువంట. అందుకే నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో బూబాతో చెప్పించినా. మా పెద్దన్న పెట్టకుంటే అలుగుతాడు, పెడితే తినలేడు, పారేస్తే మాకు పాపం, నువ్వు తిని మమ్మల్ని గట్టెక్కించమ్మా అని. మనకు సాయం సేస్తాండానని తింటాంది. ఆ రాయికి నీళ్లు పోసేది మాత్రం ఆమె ఇష్టం."

"మాకు చెప్పొచ్చు గదప్పా!"

"చెప్తే మీరు జాలిగా సూస్తారు. ఆ సూపు ఆమె పసిగట్టేస్తాది. మళ్లా తినదు."

మురళి నేల మీద చతికిలపడ్డాడు. "ఏనుగులు పడిన చేను నేను సూడందా? నాకు యాల తట్టలేదన్నా!" అని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. నాకూ సిగ్గేసింది. ఆ మాటకొస్తే మదనపల్లె టమోటా మార్కెట్టులో కూడా ఆయన నాలుగో టీ ఏనాడూ చల్లారిపోలేదు. మూటలు దించి వచ్చిన వాళ్లెవరో తాగేవాళ్లు. ఎవరని నేను ఒక్కనాడైనా చూడలేదు.

ఫోన్ మోగింది.

"ఏమప్పా, పంపిస్తాండావా?"

"కుదర్దు సార్. గోవిందస్వామి పోతే పెద్దన్నకు పెట్టేవాళ్లుండరు."

"నాగరాజా... నిజంగా తింటాండాడా?"

"పళ్లెం ఖాళీ అయ్యేది నా రెండు కళ్లతో సూసినా సార్. కడిగి బోర్లించినారు గూడా." ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. "రాయి పెట్టుకోమని చెప్పింది మీరే గదా!"

ఓనరు గొంతు గుసగుసలోకి దిగింది. "ఇప్పుడేమంటాడు?"

"ఇంకో ఇద్దరికి సరిపోయే పిండి పంపించాలంట."

"ఇద్దరిదా? ఒక్కడే గదప్పా!"

"ఆకలి జాస్తి సార్."

"పంపిస్తా, పంపిస్తా. కోపంగా ఏమన్నా ఉండాడా?"

"ఇప్పటికైతే లేదు సార్."

"గోవిందస్వామిని ఆడ్నే ఉండనియ్. పెద్దన్నను నేను అడిగినానని చెప్పు."

చెబుతానని పెట్టేశాను. ఆ నెల నుంచి సరుకుల బండి చీటీలో మా ముగ్గురి పేర్లకు పైన పెద్దన్నగారు అని రాసి వస్తోంది. గారు మాకెవరికీ లేదు.