యాదయ్య కాక చెవి పరీక్ష

మధ్యాహ్నం పూట కరెంటు పోతే మా ఇంట్లో అందరూ ఉక్కపోతను తిట్టుకుంటారు. నేను మాత్రం ఎడమ చెవి మీద అరచేయి పెట్టుకుని కూర్చుంటాను. ఫ్యాను తిరుగుతున్నంతసేపు అణిగి ఉండే మోత, రెక్కలు ఆగీ ఆగగానే పైకి తేలుతుంది. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు సన్నగా ఒక కూత పెడుతుంది చూడండి, అచ్చం అలా. విజిల్ మాత్రం ఎప్పటికీ రాదు. డాక్టర్లు దీన్ని టినిటస్ అంటారు. పటాన్‌చెరులో ఇనుప రేకులు కొట్టే ప్రెస్ షాపుల్లో పనిచేసినవాళ్ళు అంత పెద్ద పేరు పెట్టరు, మోత అంటారు, అంతే. అది పైకి లేచినప్పుడల్లా నాకు యాదయ్య కాక గుర్తొస్తాడు. ఆయన మీద నాకు గౌరవం ఎంతో, కోపమూ అంతే. మనిషి పోయి రెండేళ్ళవుతున్నా రెండింటిలో ఏదీ తగ్గలేదు.

డిగ్రీ అయ్యాక జోగిపేటలో మా నాన్న దుకాణంలో కూర్చోవడం ఇష్టం లేక, ఇంట్లో పోట్లాడి మరీ అక్కడ ఒక ఫ్యాక్టరీలో చేరాను. ప్రెస్సు కొట్టిన ఇనుప రేకు ముక్కలను గేజితో కొలిచి, మంచివో కావో తేల్చడం నా పని. నా బల్లకు ఎదురుగా ఉన్న పెద్ద ప్రెస్సు యాదయ్య కాకది. ఆయనది భానూర్ దగ్గర పల్లె. తండ్రి కూలికి వెళ్ళిన చేలల్లోనే తర్వాత షెడ్లు లేచాయట, ఈయన వాటిలోకి కూలికి వచ్చాడు. సన్నటి మనిషి, మాట మాత్రం పెద్ద గొంతుతో. చప్పుడు మధ్య బతికి అలా అరవడం అలవాటైందనుకున్నాను. అలా కాదని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

అక్కడ అందరి మెడల్లోనూ దారం కట్టిన పసుపు రబ్బరు బిళ్ళలు వేలాడేవి. చెవుల్లో పెట్టుకోవలసినవి. పై నుంచి ఎవరైనా చూడటానికి వస్తే చెవుల్లోకి ఎక్కేవి, వాళ్ళ కారు గేటు దాటగానే దిగిపోయేవి. మొదటిరోజు నేను బుద్ధిగా పెట్టుకుంటే యాదయ్య కాక దగ్గరికొచ్చి, తీసెయ్యమని చేత్తో సైగ చేశాడు.

“చెవులు మూసుకుంటే మిషన్ ఏమంటున్నదో ఎట్ల తెలుస్తది బిడ్డా? గవి ఆఫీసోళ్ళకు.”

ఒకరోజు ఉదయం ఆయన ఉన్నట్టుండి ప్రెస్సు ఆపేశాడు. నా చేతిలోని ముక్కలన్నీ కొలతకు సరిగ్గా ఉన్నాయి. ఏమైందని అడిగితే, “డై ఏడుస్తున్నది” అన్నాడు. డై అంటే ప్రెస్సు కింద ఉండే అచ్చు. విప్పి చూస్తే అంచున వెంట్రుకంత పగులు. ఇంకో గంట నడిపి ఉంటే ముక్కలై ఎగిరి ఎవరి కళ్ళలోనో పడేది. సూపర్‌వైజరు నోరు తెరుచుకుని చూశాడు. కాక మీసం దువ్వుకుంటూ నా వైపు తిరిగి, “ముందుగాల చెవి చెప్తది, ఎనుక నీ గేజి చెప్తది” అన్నాడు. ఆ రోజు నుంచి నేనూ బిళ్ళలు తీసేశాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆయనలా వినడం నేర్చుకోవాలనిపించింది. కొన్ని నెలలకు నాకూ మంచి దెబ్బకూ, చెడ్డ దెబ్బకూ తేడా తెలియసాగింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

రెండేళ్ళు నిండాక ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఉంటే ఎక్కడో ఏదో సన్నగా కూస్తోంది. టీవీ స్విచ్చి చూశాను, ఫోను చార్జర్ పీకాను, ఇల్లంతా వెతికాను. చివరికి అది నా చెవిలోనే ఉందని అర్థమైంది. మర్నాడు టీ వేళ కాకతో చెప్పాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“పరేషాన్ గాకు. కొత్తల అందరికి వస్తది. ఆర్నెల్లల్ల తగ్గుతది.”

“నిజంగనా కాకా?”

“నీకు అబద్ధం చెప్తనా?”

నమ్మాను. నమ్మాను కాబట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, బిళ్ళలూ పెట్టుకోలేదు. రోజూ పొద్దున రాగానే ఆయన మొదటి మాట, “ఎట్లున్నది ఇయ్యాల?” ఎప్పుడైనా నేను ఆశపడి, జెర తక్కువైనట్టుంది అంటే ఆయన ముఖం నాకంటే ఎక్కువగా వెలిగేది. నా మీద ప్రేమ అనుకునేదాన్ని. ప్రేమ లేదనను. కానీ ఆ ప్రశ్న ఆయన తన కోసం కూడా అడుగుతున్నాడని నాకు తట్టలేదు.

ఏటా ఒకసారి చెవి పరీక్ష వ్యాను ఫ్యాక్టరీ ఆవరణలోకి వచ్చేది. అందులో అద్దం ఉన్న చిన్న గది. లోపల మనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇస్తారు. కూత వినబడితే నొక్కాలి. తప్పినవాణ్ణి ప్రెస్సు మీద నుంచి తీసేసి ప్యాకింగుకు పంపుతారు, కాంట్రాక్టు మనిషైతే గేటు బయటికే. ఆ సంవత్సరం పేర్ల జాబితా పట్టుకుని పరీక్ష చేసే అతని పక్కన నిలబడే పని నాకు పడింది. ముందురోజు యాదయ్య కాక నన్ను స్క్రాపు కుప్పల వెనక్కి పిలిచాడు. ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఆయన మీట నొక్కినప్పుడల్ల నువ్వు పెన్ను జెర వంచు. అద్దంలకెల్లి నేను సూస్త.”

“ఎందుకు కాకా? నీ చెవులకేమైంది?”

“లోపటి మోతేదో, చెవులకు పెట్టే డబ్బలకెల్లొచ్చే మోతేదో తెలుస్తలేదు బిడ్డా. పోయినసారి లిస్టు పట్టుకున్న దినేష్ సైగ చేసిండు. వాడు బీహార్ పోయిండు.”

“ఎన్నొద్దుల సంది ఉన్నది నీకు?”

“మా పెద్ద బిడ్డ పుట్టకముందు సంది.”

ఆయన పెద్ద కూతురికి అప్పటికే ఇద్దరు పిల్లలు. నాకు ఒళ్ళు మండిపోయింది. “మరి నాకు తగ్గుతదన్నవు గద!” అని అరిచాను. ఆయన నేల చూస్తూ, “నాగ్గుడ ఎవరో గట్లనే చెప్పిన్రు” అన్నాడు.

మర్నాడు పెన్ను వంచాను. ప్రతి కూతకూ వంచాను. అద్దం వెనక ఆయన కళ్ళు నా చేతిని వదల్లేదు. ఆయన పేరు పక్కన ‘సాధారణం’ అని పడింది. బయటికొచ్చి నా తల మీద చేయి వేసి వెళ్ళిపోయాడు. గొప్ప మేలు చేశాననే అనుకున్నాను.

ఆ వారమే సంగారెడ్డిలో చెవి డాక్టరును కలిశాను. తగ్గుతుందా అని అడిగాను. “కొందరికి తగ్గుతుంది, కొందరికి అలవాటైపోతుంది. మీకెలా అవుతుందో ఇప్పుడే చెప్పలేను. ఆ చప్పుడులో ఇలాగే నిలబడితే మాత్రం పెరగక మానదు” అన్నాడు. ఆ నెలలోనే సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే చోట ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాను.

నేను మారేలోపే ఒక ప్రమాదం జరిగింది. పట్టపగలు, టీ విరామం అయ్యాక. రేకుల కట్ట మోస్తున్న ఫోర్క్‌లిఫ్టు వెనక్కి వస్తోంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. యాదయ్య కాక అటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను నా బల్ల దగ్గర నుంచి కేక వేశాను. ఆయన కదల్లేదు. కుడి పాదం చక్రం కింద నలిగిపోయింది. చీలమండ దాకా తీసేశారు.

విచారణలో సేఫ్టీ ఆఫీసరు చదివింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. హారన్ మోగినట్టు ముగ్గురు చెప్పారు. వినికిడి పరీక్ష ప్రకారం ఆపరేటరు చెవులు సక్రమంగా ఉన్నాయి. కనుక ప్రమాదానికి కారణం ఆపరేటరు అజాగ్రత్త. నేను ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను. అంతకు ముందురోజు ఆసుపత్రిలో కాక నా చేయి పట్టుకుని, “నువ్వు నోరు తెరువకు. తెరిస్తె ఇద్దరం నౌకరిలకెల్లి పోతం. ఒక్కన్ని పోతే సాలు” అన్నాడు. ఆయన మాట నిలబెట్టడానికే ఊరుకున్నానని చాలాకాలం చెప్పుకున్నాను. అదంతా ఒట్టిది. ఆ మాట వినగానే నాకు ప్రాణం కుదుటపడింది. నేను భయపడ్డాను, అంతే.

ఉద్యోగం పోయి ఇంటిపట్టున ఉన్న కాక కొంతకాలానికి కన్నుమూశాడు. పదకొండో రోజున వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళు లేచి వెళ్ళేదాకా ఆయన భార్య సత్తెమ్మ చిన్నమ్మ నన్ను కూర్చోబెట్టుకుంది. తర్వాత గూట్లో నుంచి కంపెనీ ఇచ్చిన కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది.

“మా పిల్ల సదివి చెప్పింది. చెవులు మంచిగున్నయని రాసిన్రట. మరి నేను పిలిస్తె ఎందుకు పల్కకపోయె? బువ్వకు మూడుసార్లు పిలుద్దును. గోడకు చెప్పినట్టే. ఇన్నేండ్ల కాపురంల నేనంటె గంత అలుసా బిడ్డా ఆయనకు?”

చెప్పేశాను. అద్దం గురించి, పెన్ను గురించి, ఆయన చెవుల్లోని మోత గురించి అన్నీ చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆ కాగితాన్ని నా ఒళ్ళోంచి తీసుకుని మడిచింది.

“గప్పుడెందుకు చెప్పలె?”

జవాబు కోసం ఆమె ఆగలేదు. కొంచెం జరిగి, చెవి మీది కొంగు తీసి, నా వైపు వంగింది.

“ఎట్లుంటుండె గా మోత? చేసి సూపియ్యి.”

ఆయనకు ఎలా వినబడేదో నాకు తెలియదు. నాకు తెలిసింది నాదే. ఆమె చెవికి నోరు ఆనించి, పళ్ళు బిగించి, నా చెవిలో కూసే కూతను ఊపిరి ఉన్నంతసేపు కూశాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. ఊపిరి అయిపోయి ఆపాను.

“నువ్వైతె ఆపినవ్ బిడ్డా” అంది. “ఆయనకు ఆగకపాయె.”

నాకూ ఆగలేదని ఆమెతో చెప్పలేకపోయాను.