ఎండలో పెట్టిన రికార్డు

మా ఇంటి ముందు గదిలో గ్రామఫోన్లదే రాజ్యం. మనిషి కూర్చోవాలంటే ఏదో ఒక పెట్టెని పక్కకి జరపాలి. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక నాకు పిచ్చి పట్టిందని అనకాపల్లిలో మా వీధంతా అనుకుంటుంది. నిజమే, పిచ్చే. పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, చీడికాడ దాకా అయినా బస్సెక్కి పోతాను. అటక మీద దుమ్ముకొట్టుకుపోయిన లక్క రికార్డు ఒకటి దొరికితే ఆ పూట ఆకలి కూడా తెలియదు. "పాత ఇనపకొట్టు కూడా మన ఇంటికన్నా శుభ్రంగా ఉంటాది" అని మా ఆవిడ సణుగుతుంది. ఆవిడేమీ తక్కువ తినలేదు, ఆవిడకి శుభ్రం పిచ్చి.

మొన్న వానలు ముదిరిన రోజుల్లో మునగపాక నుంచి ఒక పెద్దామె వచ్చింది. ఎనభై దాటిన మనిషి. చీర ముక్కలో చుట్టిన రికార్డుని చంటిపిల్లలా ఎత్తుకుని ఆటో దిగింది. అది వాళ్ళ నాన్న పాడిన పద్యమట. ఆయన నాటకాల మనిషి. ఒకే ఒక్కసారి మద్రాసు వెళ్ళి, ఒకే ఒక్క రికార్డు ఇచ్చి వచ్చాడు. ఈమె తల్లి కడుపులో ఉండగానే పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు.

"మరి ఇన్నేళ్ళలో ఎవరింట్లోనన్నా పెట్టించుకుని వినలేదా మామ్మగారూ?" అని అడిగాను.

"మాయమ్మ దీన్ని గడప దాటనిచ్చీది కాదు బాబూ. పగిలిందంటే మీ నాన్న రెండోసారి పోయినట్టేననీది. అమ్మ పోయేక నాకూ అదే బయం పట్టుకుంది. ఇప్పుడింక నా ఒంట్లోనే బాగోటం లేదు. ఒక్కసారి ఇనీసి పోతాను."

రికార్డుని అటూ ఇటూ తిప్పి చూశాను. పగుళ్ళు లేవు. గీతల్లో తెల్లగా బూజు పట్టింది, అంతే. నా దగ్గరున్న మంచి మిషన్ స్ప్రింగు అప్పుడే విరిగి కూర్చుంది. మిగతావి సూదితో రికార్డుని దున్నేసే రకాలు, వాటి మీద దీన్ని పెట్టడానికి మనసొప్పలేదు. ఆదివారం రమ్మన్నాను. ఆమె రికార్డుని నా చేతుల్లో పెట్టి, కాసేపు వదల్లేదు. జాగ్రత్త బాబూ అని గుమ్మం దాటాక కూడా వెనక్కి తిరిగి చెప్పి వెళ్ళింది.

స్ప్రింగు కోసం నేను వైజాగ్ వెళ్ళిన రోజునే వానలు వెలిసి ఎండ కాసింది. మా వైపు ఆడవాళ్ళకి వానల తర్వాత వచ్చే మొదటి ఎండంటే పండగే. చింతపండు, కందిపప్పు, పరుపులు, బూజు వాసన వేసే ప్రతీదీ మేడెక్కుతుంది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మా ఆవిడ సంతోషంగా ఎదురొచ్చింది.

"ఆ మామ్మగారి రికార్డుకి బూజు పట్టిందన్నారు కదా, శుభ్రంగా ఎండబెట్టేను" అంది.

లక్క రికార్డు కిందపడితే పెంకులవుతుంది, ఎండ తగిలితే మైనంలా మెత్తబడుతుంది. గబగబా మేడెక్కాను. పాత పంచె మీద, చింతపండు పక్కన, వేయించిన అప్పడంలా అంచు పైకి లేచి పడుంది.

నాకు కోపమొస్తే నోరు ఆగదు. ఆ రోజు మాత్రం అక్కడే చతికిలబడిపోయాను. ఆ ముసలామెకి ముఖం ఎలా చూపించాలో తెలియలేదు. "ఏటండీ, పాడైపోయిందా?" అని మా ఆవిడ అడిగింది. పైకి లేచిన అంచుని నేను చూపించగానే కొంగుతో కళ్ళొత్తుకుంది.

దారి ఒకటుంది. వంగిన రికార్డుని రెండు మందపాటి అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచితే, మెత్తబడి, పై అద్దం బరువుకి మెల్లగా సాపవుతుంది. తర్వాత నీడలోకి తెచ్చి, బరువు పెట్టి చల్లారనివ్వాలి. ఎండ చాలకపోతే రికార్డు లొంగదు, ఎక్కువైతే గీతలు కరిగి గొంతే పోతుంది. నా వాటిలో కొన్ని అలా బాగుపడ్డాయి, కొన్ని పోయాయి. పోయినవి నావే కనక మర్చిపోయాను.

మర్నాడు బీరువా అద్దాలు ఊడదీశాను. మళ్ళీ అదే మేడ, అదే ఎండ. "ఎప్పుడు తియ్యాలో నే చూత్తాను, మీరు కంగారులో మాడ్చేత్తారు" అని మా ఆవిడ గొడుగేసుకుని పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు ఇద్దరం ఆ అద్దాన్నే చూస్తూ ఉన్నాం. అంచు పూర్తిగా ఆనుకోగానే కిందికి దించాం. బరువు పెట్టడానికి బెల్లం దిమ్మ తప్ప మరేదీ కనబడలేదు. చీమలు పడితే అదో గొడవంటూ ఆవిడ దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైన పెట్టింది.

ఆదివారం దాకా దాన్ని వేసి చూడలేదు. మొదట ఆమే వినాలని పైకి అన్నాను గాని, అసలు సంగతి భయం.

ఆమె వచ్చి చెప్పులు విప్పుతూండగానే మా ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది. "మామ్మగారూ, బూజు పోతాదని నేనే ఎండలో పెట్టేను. వంగిపోయింది. మళ్ళీ సాపు చేసేం గానీ, పలుకుతాదో లేదో తెలీదు."

నేను తల దించుకున్నాను. పెద్దామె మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "బూజు పడితే నానైనా ఎండలోనే పెడుదునమ్మా. ఎయ్యమను, సూద్దాం" అంది.

స్ప్రింగు మార్చిన మిషన్‌కి కీ ఇచ్చి, కొత్త సూది బిగించి, రికార్డు అంచు మీద దించాను. బరబరమని చప్పుడు. ప్రతి చుట్టుకీ సూది కొంచెం లేచి పడుతోంది. చప్పుడే గాని గొంతు లేదు. అంతలో హార్మోనియం, దాని వెనకే నిండుగా మగ గొంతు. పద్యం ఒక్కో ముక్కా స్పష్టంగా వినిపిస్తోంది. అమ్మయ్య అని పైకే అనేశాను. మా ఆవిడ నవ్వుతూనే ఏడుస్తోంది.

పెద్దామె కుర్చీలోంచి దిగి పెట్టె ముందు నేల మీద కూర్చుంది. రాగం సాగినంతసేపూ కదల్లేదు. పద్యం అయిపోయాక, ఆ కాలంలో కొందరు చేసినట్టే, పాడినాయన తన పేరూ ఊరి పేరూ గట్టిగా చెప్పాడు. సూది ఎత్తాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బళ్ళోన, పెళ్ళిలోన, పింఛన్ కాడ, ఎక్కడికెళ్ళినా మీ నాన్న పేరేటని అడిగీవోరు. ఇన్నేళ్ళూ నానే సెప్పేను బాబూ" అంది. "ఇయ్యాల ఆయనే సెప్పుకున్నాడు."