మా బండోడి చలిమిడి

మొదటిసారి కడుపుతో ఉన్న రోజుల్లో ఇంట్లో అందరూ నెత్తిన పెట్టుకుంటారని మా వీధి ఆడవాళ్ళు చెబితే ఆశగా ఎదురుచూశాను. పెట్టుకున్న మాట నిజమే, కాకపోతే నన్ను కాదు, మా కుక్కని. (రాయడం నాకిదే మొదలు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే మీ ఇంటి పిల్ల రాసిందనుకోండి.)

అప్పుడు విజయవాడలో అద్దింట్లో నేను, ఆటో నడిపే మా ఆయన, మా అత్తగారు, బండోడు ఉండేవాళ్ళం. బండోడంటే మా కుక్క. ఓ వాన రోజు మా ఆయన ఆటో వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చారు. నాకు ఐదో నెల రాగానే వాడు తిండి మానేశాడు. పశువుల డాక్టరు గారు చెవులు తిప్పి చూసి, "పిడుదులు కుట్టి జ్వరమొచ్చిందమ్మా, ఈ మాత్రలు మానకుండా వెయ్యండి" అన్నారు. మా అత్తగారికి పిడుదులన్న మాట చాలు. "పసిబిడ్డ పాకే ఇంట్లో పిడుదులేంటి? నువ్వు పురిటికి పుట్టింటికెళ్ళేలోపు వీడు లేచి తిరిగాడా సరే. లేదంటే మైలవరంలో మా తమ్ముడి మామిడితోటకి పంపించేస్తా" అన్నారు. వాడేమో నా పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. నాకు ఏడుపాగలేదు. (ఆ నెలల్లో ఉల్లిపాయ కోయకముందే నాకు ఏడుపొచ్చేదనుకోండి.)

ఆ మాత్రలు ఒట్టి చేదు. పెరుగన్నంలో కలిపితే అన్నం తినేసి మాత్రని గిన్నె అంచున బుద్ధిగా పెట్టేవాడు. మా ఆయన నోరు తెరిచి వేస్తే మింగినట్టే నటించి, మంచం కిందకెళ్ళి ఉమ్మేవాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మ ఉయ్యూరు నుంచి చలిమిడి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టడం, దాన్ని ఇరుగుపొరుగుకి పంచడం మా వైపు ఆనవాయితీ. తడి బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి కలిపిన ఆ ముద్ద నోట్లో పెడితే ఓ పట్టాన ఊడదు. నాకు చిన్నప్పటి నుంచీ పడదు. అమ్మ బస్సెక్కగానే, మా అత్తగారికి ఏం తోచిందో, మాత్రని గోలీ అంత చలిమిడి ఉండలో దాచి బండోడి నోట్లో పెట్టారు. వాడు నాలుక తిప్పాడు, తల విదిలించాడు, కాలితో మూతి గీరుకున్నాడు. చలిమిడి అంగిలి వదిలితేగా! చివరికి గుటుక్కుమంది. "నా దగ్గరా నీ వేషాలు!" అన్నారు అత్తగారు నడుం మీద చేతులేసుకుని.

ఆ హుషారులో మర్నాటికి కావలసిన మాత్రల ఉండలు ముందే చుట్టి పళ్ళెంలో పెట్టుకున్నారు. అవి పంచడానికేమో అనుకుని మా ఆయన ఒకటి ఎదురింటి పిన్నిగారికి ఇచ్చేశారు. సాయంత్రం ఆవిడ వచ్చి, "చలిమిడి బాగుందండీ, మధ్యలో ఏదో చేదు తగిలింది" అన్నారు. "మింగారా, ఉమ్మారా?" అన్నారు అత్తగారు. "ఉమ్మేశానండీ." "మంచి పని చేశారు. మిరియం లెండి, జలుబు చెయ్యకుండా వేశాం." ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగి, "మన కుక్కకున్న తెలివి ఈవిడకీ ఉందే" అన్నారు మెల్లిగా.

చలిమిడి అయిపోయింది, మాత్రలు అవ్వలేదు. అత్తగారే మా అమ్మకి ఫోన్ చేశారు. "వదినగారూ, ఇంకాస్త చలిమిడి పంపుతారా?" "అప్పుడే అయిపోయిందా! చిన్నప్పుడు ముట్టేది కాదండీ!" అత్తగారు నన్ను చూసి, బండోడిని చూసి, "ఈ టైములో రుచులు మారతాయి కదండీ" అన్నారు. అమ్మ పెద్ద స్టీలు డబ్బా నిండా పంపింది, నేను ముద్దలకి ముద్దలు తింటున్నానని ఉయ్యూరంతా చెప్పుకుంది.

ఏడో నెలలో నన్ను తీసుకెళ్ళడానికి అమ్మ ఇంకో డబ్బాతో వచ్చింది. మంచం కింద నుంచి బండోడు లేచాడు, తోకాడిస్తూ గుమ్మం దాకా నడిచాడు, డబ్బా వాసన చూసి, అమ్మ ముందు కూర్చుని నోరు తెరిచాడు. అమ్మకి అర్థమైపోయింది. "అంటే నా కూతురు తినలేదా?" "వాసన కూడా చూళ్ళేదు వదినగారూ. కానీ వీడు లేచి తిరుగుతున్నాడంటే మీ చేతి చలవే." అమ్మ మూతి ముడుచుకుంది, తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. నేను ఆటో ఎక్కుతూ, "అత్తయ్యా, మరి మైలవరం..." అన్నాను. "అక్కడ వీడికి చలిమిడి ఎవరు చేస్తారే? నువ్వు జాగ్రత్తగా వెళ్ళు" అన్నారావిడ.

ఇప్పుడు బండోడి మూతి తెల్లబడింది. మా పాప మందు తాగనని మొండికేస్తే అత్తగారు బియ్యం నానబోస్తారు. ఆ చప్పుడుకే వాడొచ్చి పాప కంటే ముందు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. మొన్న నేనూ కాస్త రుచి చూశాను. బాగానే ఉంది! అప్పుడు ఒళ్ళో అంత చలిమిడి పెట్టుకుని, కుక్క కోసం ముక్కు చీదుకుంటూ కూర్చున్న ఆ పిల్ల ఇప్పుడు కనబడితే ఓ ముద్ద నోట్లో పెడదును. ఏడవడానికి కాసేపు నోరు పెగిలేది కాదు.